అద్దంలా తుడిచిన పళ్లెం

టార్చక్కకు మనుషుల ముఖాలు చూసి నమ్మే అలవాటు లేదు. ఫలానా డ్రైవరు ఎలాంటివాడని ఎవరైనా అడిగితే "ఉండు, బండి కింద చూసి చెప్తాను" అనేది. నవ్వులాటకు అన్న మాట కాదది. జేబులోంచి టార్చి తీసి, నిజంగానే బండి కిందికి దూరేది. ఆ టార్చి వల్లే ఆమెకు ఆ పేరు వచ్చింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు కూడా గుర్తుందో లేదో! ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు, మనవలున్న డ్రైవర్లు కూడా "టార్చక్కా" అనే పిలిచేవారు.

లారీల యార్డులో గ్రీజు షెడ్డు ఆమెది. అంటే, షెడ్డు యజమానిదే, మాట మాత్రం ఆమెది.

పెద్ద లారీ అంటే చూడ్డానికి ఒకటే గానీ నిజానికి రెండు బండ్లు. ముందు ఇంజనున్న బండి, వెనక సరుకు మోసే ట్రైలర్. ముందు బండి వీపు మీద లావాటి ఇనప పళ్లెం ఒకటి ఉంటుంది, దానికి వెనక వైపు చీలిక ఉంటుంది. ట్రైలర్ కడుపు కింద లావాటి ఇనప మేకు వేలాడుతుంటుంది, దాన్ని కింగ్ పిన్ అంటారు. డ్రైవరు ముందు బండిని వెనక్కి తెచ్చి ఆ పిన్నును చీలికలోకి పోనిస్తే, లోపలున్న దవడలు దాన్ని కరుచుకుంటాయి. అంతే సంగతి. అంత సరుకూ ఆ గుప్పెడు ఇనుమును నమ్ముకుని ఊళ్లు దాటిపోతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ ట్రైలర్ ఆ పళ్లెం మీదే జారాలి. జారాలంటే గ్రీజు ఉండాలి, అదీ శుభ్రమైన గ్రీజు. దుమ్మూ ఇసకా కలిసిన పాత గ్రీజు ఇనుమును గరుకు కాగితంలా అరగదీస్తుంది.

పాతది గీకకుండా దాని మీదే కొత్తది పూసుకొచ్చే డ్రైవరు కనబడితే టార్చక్క అగ్గి మీద గుగ్గిలం అయ్యేది. "స్నానం చెయ్యకుండా పౌడరు రాసుకుంటావా నువ్వు? మీ ఆవిడ ఎలా భరిస్తోందయ్యా నిన్ను?" అని యార్డంతా వినబడేలా అడిగేది. ఆ తిట్లు తినడానికే కావాలని మురికి పళ్లెంతో వచ్చేవాళ్లూ ఉన్నారని మీసాల డ్రైవరు అనేవాడు. యార్డులో అందరికన్నా పాత డ్రైవరు ఆయన. చిన్నప్పటి నుంచీ ఆమెను ఎరుగును కాబట్టి ఏమన్నా చెల్లేది.

ఆ షెడ్డులో ఆమెకన్నా ముందు ఆమె నాన్న పనిచేసేవాడు. నాన్నకు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన పిల్ల, ఆయన తింటున్నంతసేపూ గీకుడు బద్ద పట్టుకుని పళ్లెం గీకుతూ కూర్చునేది. బలపం పట్టాల్సిన చేత్తో ఇదేం పనని వాళ్లమ్మ మొత్తుకునేది. ఒకరోజు ఆ పిల్ల కళ్ల ముందే గేటు దగ్గర మలుపులో ఒక ట్రైలర్ ఊడిపోయి, ముక్కు నేలకేసి కొట్టుకుని, ప్రహరీ గోడను కూలగొట్టింది. అదృష్టం బాగుండి అటువైపు ఎవరూ లేరు. పిన్ను దవడల్లో పడిందో లేదో ఎవరూ వంగి చూడలేదని తర్వాత తేలింది. గోడ మళ్లీ కట్టారు గానీ కొత్త ఇటుకల రంగు పాత గోడతో కలవలేదు. ఇప్పటికీ ఆ ముక్క వేరుగా కనబడుతుంది. కొత్త డ్రైవరు ఎవరొచ్చినా టార్చక్క ముందు అతన్ని ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టేది.

నాన్నకు మోకాళ్లు పట్టేసిన ఏడు, ఇంకొకళ్లు దొరికేదాకా నువ్వు చూసుకోమ్మా అన్నాడు యజమాని. ఆ దొరికేవాళ్లు ఇప్పటికీ దొరకలేదు. ఆమె కణతల దగ్గర తెల్లవెంట్రుకలు మాత్రం వచ్చాయి.

ఆమె మొగుడు టైలరు. చూడండి మరి విధి! ఒకరి చేతికి ఎప్పుడూ గ్రీజు, ఇంకొకరి చేతిలో ఎప్పుడూ తెల్లగుడ్డ. ఇంట్లో ఆమె తలుపుగడియ మోచేత్తో తీయాలి, కుట్టుమిషను ఉన్న గదిలోకి అసలు అడుగు పెట్టకూడదు. పెళ్లయిన కొత్తలో ఒక పెద్దమనిషి తెల్ల ప్యాంటు మీద ఆమె అయిదు వేళ్లూ పడ్డాయి. ఆ ప్యాంటు సంగతి ఎత్తితే ఇప్పటికీ ఆయన ముఖం మాడుతుంది. పైకి అంత నసిగినా, ఆమెకు గ్రీజు పనికి కట్టుకునే దట్టమైన ఏప్రను కుట్టేది ఆయనే. టార్చికి ఎడమవైపు జేబు, గీకుడు బద్దకు కుడివైపు జేబు, కళ్లద్దాలకు లోపల ఒక దొంగ జేబు. చిరిగేలోపే కొత్తది సిద్ధం చేసేవాడు. కొలతలు తీసుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. "నీ కొలతలు నాకు కంఠతా వచ్చు. ఎవర్నయినా ఒక్కసారి వెనకనుంచి చూస్తే చాలు" అనేవాడు.

వీళ్లకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయికి ఉద్యోగం యార్డు గేటు పక్కన కాటా దగ్గర. ఏ లారీ ఎంత బరువుందో చూసి మైకులో చెప్పడం పని. గొంతు తేనె, మొండితనం తల్లిది. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఆ అమ్మాయి కంచంలో వేళ్లు ఆపి అంది.

"అమ్మా, నేనొకర్ని చేసుకుందామనుకుంటున్నాను. డ్రైవరే."

టార్చక్కకు పొలమారింది. "నీకు ఇంకెవరూ దొరకలేదా? వాళ్లందరి బండ్లూ కింద నుంచి చూసినదాన్నే నేను!"

"అతని బండి చూడలేదుగా. కొత్తగా వచ్చాడు. రేపు ట్రైలర్ తగిలించుకోడానికి వస్తాడు. నువ్వే చూడు."

"చూశాక వద్దంటే?"

"నువ్వు వద్దంటే చేసుకోను. ఇంకెవర్నీ కూడా చేసుకోను. నీ పక్కనే కూర్చుని ముసలిదాన్నవుతాను, ఇద్దరం కలిసి గ్రీజు పూసుకుందాం."

టైలరు తలెత్తకుండా "పిల్ల మాట మీద నిలబడుతుంది, ఎవరి పోలికో మరి" అన్నాడు. తల్లికి మింగుడు పడలేదు. ఎదురు తిట్టినవాళ్లను మళ్లీ తిట్టవచ్చు, కానీ నీ మాటే నా మాట అని కూర్చున్నదాన్ని ఏం చేస్తాం? ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్రపట్టలేదు. తన నోటి మాట మీద పిల్ల బతుకు ఆధారపడి ఉందంటే ఏ తల్లికి పడుతుంది?

మర్నాడు ఉదయం ట్రైలర్ లేని ముందు బండి ఒకటి యార్డులోకి వచ్చింది. దిగినవాడు దిగుతూనే ఉన్నాడు, అంత పొడుగు. డ్రైవర్లు అప్పటికే అతనికి నిచ్చెన అని పేరు పెట్టేశారు. చొక్కా ఇస్త్రీ నలగలేదు, తల నున్నగా దువ్వి ఉంది. టార్చక్క ముందు నిలబడి ఏదో పిలవబోయి ఆగిపోయాడు. అందరిలాగా అక్కా అంటే పిల్లనిచ్చే ఆవిడ, అత్తయ్యా అందామంటే ఇంకా ఇవ్వలేదు. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు నిలబడి చివరికి "నమస్కారమండీ" అన్నాడు.

ఆమె ముఖం వైపు చూడనే లేదు. "నమస్కారం బండికి పెడతాను, తప్పుకో" అని వెనక్కి వెళ్లింది. వెళ్లి, అలా నిలబడిపోయింది.

పళ్లెం తళతళా మెరుస్తోంది! గ్రీజు చుక్క లేదు. మరక లేదు. గ్రీజు నిలిచే గాడుల్లో కూడా గుడ్డ పెట్టి, పుల్ల పెట్టి తీసినట్టున్నాడు. వంగి చూస్తే టార్చక్క ముఖం ఆమెకే కనబడింది, అందులో కోపం కూడా స్పష్టంగా కనబడింది.

"ఏంటయ్యా ఇది? దీని మీద భోజనం వడ్డించుకుంటావా?"

నిచ్చెన సంతోషంగా "రాత్రంతా తుడిచానండి. డీజిలు పోసి కడిగాను. మీకు మురికంటే గిట్టదని..." అని ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"మురికి గిట్టదు. అయితే గ్రీజు కూడా తుడిచేస్తారా ఎవరైనా? ఎండిపోయిన ఇనుము మీద ఇనుము పెట్టి మలుపు తిప్పుతావా? స్టీరింగు బిగుసుకుని బండి తిన్నగా పోయి ఎవరి మీదైనా ఎక్కితే ఎవరిది పూచీ?"

"పూయాలని తెలుసండి. డబ్బా తెచ్చాను. ముందు మీరు శుభ్రం చూశాక పూద్దామని..."

ఆ మాట చెవికెక్కితే కదా! ఆమె అప్పటికే మొదలుపెట్టేసింది. తనను బుట్టలో వేసుకోడానికి బండిని ముస్తాబు చేసుకొచ్చాడనిపించేసరికి ఒళ్లు మండిపోయింది. చుట్టూ నలుగురు డ్రైవర్లు చేరారు. మీసాల డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని మంచి చోటు చూసుకుని కూర్చున్నాడు. కాటా గది కిటికీలోంచి కూతురు మెడ చాచి చూస్తోంది.

"పూయి చూద్దాం!"

నిచ్చెన చొక్కా చేతులు మడిచి పూశాడు. మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. పళ్లెమంతా పరిచి, చీలిక అంచులకూ, దవడలకూ పట్టించాడు. ట్రైలర్ కిందికి పాకి కింగ్ పిన్ను కూడా తుడిచి, చుట్టూ తడిమి చూసి, దానికీ రాశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి టార్చక్కకు కోపం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఇస్త్రీ చొక్కా గ్రీజుపాలైనందుకు మీసాల డ్రైవరు ఒక్కడే జాలిపడ్డాడు.

ఇక ట్రైలర్ ఎత్తు సరిచూడాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ట్రైలర్ తన ముందు కాళ్ల మీద నిలబడుతుంది. పక్కనున్న పిడి తిప్పితే ఆ కాళ్లు లేస్తాయి, దిగుతాయి. ట్రైలర్ ముక్కు పళ్లెం కన్నా ఒక పిసరు కిందికి ఉండాలి, బండి దాని కిందికి దూరి కొంచెం ఎత్తుకోవాలి. ఆ పిడి ఇంకొకరి చేతికివ్వడం టార్చక్కకు అలవాటు లేదు. ట్రైలర్ బాగా కిందికి ఉందని ఎత్తడం మొదలుపెట్టింది, నోరు మాత్రం ఆపలేదు.

"నన్ను మంచి చేసుకోడానికి వచ్చావా?" పిడి ఒక చుట్టు తిరిగింది. "అద్దం చూపిస్తే మురిసిపోతాననుకున్నావా?" ఇంకో చుట్టు. "మా అమ్మాయికి బుద్ధి లేదు." మరో చుట్టు. "వాళ్ల నాన్నకు అసలే లేదు!" దానికి రెండు. కోపం తీరేదాకా తిప్పింది. ఎత్తు చూసుకోవడం మర్చిపోయింది. ఆ యార్డులో అన్నేళ్ల పనిలో అలా ఎన్నడూ జరగలేదు.

"రా వెనక్కి!"

నిచ్చెన నెమ్మదిగా వెనక్కి వచ్చాడు. కొత్త గ్రీజు మీద బండి వెన్నలోకి దిగినట్టు మెత్తగా దూరింది. ఠక్కుమంది. దవడలను బిగించే లాకు పిడి లోపలికి పోయింది. "లాగు!" అంది. అతను ముందుకు ఒక్క గుంజు గుంజాడు. ట్రైలర్ కూడా వచ్చింది.

"సరిగ్గా పడింది. ట్రైలర్ కాళ్లు ఎత్తుకుని పో ఇక. మా అమ్మాయికి నేనే చెప్పుకుంటాను."

చెప్పుకునేది ఏమిటో అందరికీ అర్థమైంది. కాటా కిటికీలో తల కనబడలేదు. నిచ్చెన దిగాడు. ముఖం వాడిపోయి ఉంది. అయినా పిడి దగ్గరికి వెళ్లి కాళ్లు ఎత్తుకోలేదు, ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఒకసారి టార్చి ఇస్తారాండి?"

ఆ టార్చి ఎవరైనా అడగ్గా విన్నవాళ్లు లేరు. మీసాల డ్రైవరు టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"నేను సరిగ్గా పడిందన్నాను కదా?"

"అన్నారండి."

"నా మాట నమ్మవా?"

"నమ్ముతానండి. కానీ బండి తోలేది నేను కదండీ. ఎవరు చెప్పినా నేను ఒకసారి చూసుకోవాలి."

ఏం చెయ్యాలో తెలియక ఆమె టార్చి తీసి అతని చేతిలో కొట్టినట్టు పెట్టింది. అంత పొడుగు మనిషి మూడు మడతలు పడి కిందికి దూరాడు. కాళ్లు బయటికి కనబడుతున్నాయి. చాలాసేపు కదల్లేదు. తర్వాత బయటికొచ్చి, మోకాళ్లు దులుపుకుని, డ్రైవర్ల వైపు చూడకుండా అన్నాడు.

"నేను సరిగ్గా వెనక్కి రాలేదండి. నాదే తప్పు. ఇంకోసారి వస్తాను."

డ్రైవరు వెనక్కి రావడంలో తప్పేమీ లేదని అక్కడ అందరికన్నా టార్చక్కకే బాగా తెలుసు. టార్చి లాక్కుని తనే కిందికి దూరింది. పళ్లేనికీ ట్రైలర్ అడుగుకూ మధ్య సందు ఉంది. ఆ సందులోంచి అవతలి వెలుగు కనబడుతోంది. పిన్ను దవడల లోపల లేదు, వాటి పైన కూర్చుంది. ఇందాక గుంజితే ట్రైలర్ వచ్చింది పిన్ను అంచుకు తట్టుకోవడం వల్లే. గేటు మలుపు దాకా అలాగే వెళ్లేది. ఆ తర్వాత?

కింద పడుకునే ఆమె కళ్లు మూసుకుంది. రంగు కలవని గోడ కళ్లలో తిరిగింది. ఈసారి అవతల ఎవరైనా ఉంటే? బండిలో ఉన్న ఈ పిల్లాడికి ఏదైనా అయితే? పైన కిటికీలో తన కూతురు చూస్తుండగా!

కళ్లు తెరిచేసరికి సిగ్గేసింది. తన తప్పును వాడు వాడి నెత్తిన వేసుకున్నాడు, అదీ పిల్లను ఇవ్వనని చెప్పకనే చెప్పిన మనిషి కోసం! నలుగురిలో తన పరువు నిలబెట్టాడు. బయటికి పాకి, లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. నోరు నొక్కుకుని ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ ఆమె టార్చక్క!

"ఒరేయ్, అందరూ ఇలా రండి!" అని అరిచింది. "వీడు అబద్ధం చెప్తున్నాడు. వెనక్కి రావడం బ్రహ్మాండంగా వచ్చాడు. ట్రైలర్ ఎత్తేసింది నేను. వీణ్ణి తిడుతూ తిడుతూ ఎత్తేశాను. పిన్ను దవడల మీద కూర్చుంది. చూడకుండా పొమ్మంది కూడా నేనే! వంగి చూడండి ఒక్కొక్కరూ, చూసి గుర్తుపెట్టుకోండి!"

డ్రైవర్లు ఒక్కొక్కరే వంగి చూశారు. చూసినవాడల్లా లేచి పక్కకు వెళ్లాడు. మీసాల డ్రైవరు మాత్రం నడుం పట్టుకుని లేస్తూ "అయితే నీ నోరు మొత్తానికి ఒక ట్రైలర్‌ని లేపిందన్నమాట" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత యార్డంతా పడీ పడీ నవ్వింది, టార్చక్క కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ట్రైలర్‌ని దింపారు. నిచ్చెన మళ్లీ వెనక్కి వచ్చాడు. ఈసారి పిడి అతనే తిప్పాడు, ఆమె ఎత్తు చూసింది. ఠక్కుమంది. అతను గుంజి చూశాడు. దిగి చెయ్యి చాచాడు, ఆమె వెంటనే టార్చి ఇచ్చింది. అతను చూశాడు, తర్వాత ఆమె చూసింది. సందు లేదు. పిన్ను చుట్టూ దవడలు బిగుసుకుని ఉన్నాయి.

"ఇందాకటి నుంచీ అండీ అండీ అని నీళ్లు నములుతున్నావు," అంది ఆమె బండి కిందినుంచే. "అత్తయ్యా అనడానికి ఏం రోగం?"

జవాబు గేటు దగ్గర లౌడుస్పీకర్లోంచి వచ్చింది. కాటా అమ్మాయి మైకు ఎప్పుడు నొక్కిందో ఏమో, "అమ్మా!" అన్న కేక యార్డంతా మోగింది. వెంటనే గొంతు సర్దుకుని, "ట్రైలర్ తగిలించుకున్న బండి కాటా మీదికి రావలెను" అని వినబడింది. ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసి ఉన్నాయి.

అప్పటికే టైలరు క్యారేజీ తీసుకుని గేటులోంచి వస్తున్నాడు. ఇల్లాలు బండి కిందినుంచి లేచి జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది, తన తప్పుతో సహా. ఆయన తాపీగా విన్నాడు. చంకలో ఉన్న పొట్లం విప్పాడు. దట్టమైన గుడ్డతో కుట్టిన కొత్త ఏప్రను. టార్చికి ఎడమవైపు జేబు, గీకుడు బద్దకు కుడివైపు జేబు.

ఆమె దాన్ని ఒంటికి పెట్టుకుని చూసుకుంది. కింది అంచు నేల మీద పడి ఈడుస్తోంది.

"నీకు మతి పోయిందా? నాకు ఇంత పొడుగెందుకు?"

"నీకెవరు కుట్టారు?" అన్నాడు టైలరు. "పోయిన నెల పిల్లా అతనూ వీధి మలుపులో మాట్లాడుకుంటుంటే వెనకనుంచి ఒకసారి చూశాను."

ఆమెకు ఏప్రను ఎడమ జేబులో ఏదో బరువుగా తగిలితే చెయ్యి పెట్టి చూసింది. కొత్త టార్చి. దాన్ని ఒకసారి వెలిగించి చూసి, మళ్లీ ఆ జేబులోనే పెట్టి, ఏప్రను మడిచి, కాటా మీద ఆగిన బండి వైపు గబగబా నడిచింది.